నాలుగో చౌకీ క్షేమం

పొద్దు వాలే వేళకి స్పీన్ కలై ఠాణాలో రేడియో గది ఒక్కటే వెచ్చగా ఉండేది. మధ్యలో రేకు పొయ్యి, దాని మీద ఎప్పుడూ మరిగే టీ కెటిల్, తడిసిన ఉన్ని కోట్ల వాసన. గోడకి ఒక తెల్లబోర్డు, దాని మీద నాలుగు చౌకీలకి నాలుగు గీతలు. చీకటి పడకముందే ఒక్కో చౌకీ రేడియోలో పలకాలి. ఎంతమంది ఉన్నారు, క్షేమమా కాదా. అమెరికన్ సార్జెంట్ కోల్బీ మార్కరు పట్టుకుని ఆ ముక్క బోర్డు మీద రాసుకునేవాడు.

కోల్బీకి పష్తో రాదు. చౌకీల్లో పోలీసులకి ఇంగ్లీషు రాదు. మధ్యలో కూర్చున్నది బరియాలై. కాబూల్ కుర్రాడు, ఇరవై ఆరేళ్ళ దుబాసీ. అమెరికన్లకి నోరు తిరగక బ్యారీ అనేవాళ్ళు.

అఫ్ఘాన్ పోలీసులకి పని నేర్పడానికి వచ్చిన ఎనిమిదిమంది సైనికుల జట్టు కోల్బీది. పొద్దున్నే బేడీలు వేయడం, తుపాకీ తుడవడం, బండి సోదా చేయడం నేర్పేవాళ్ళు. సోదా పాఠంలో డ్రైవరు వేషానికి పోలీసులు కొట్టుకునేవాళ్ళు, బండిలో హీటరు ఉంటుంది గనక. ఇచ్చిన హెల్మెట్లలో బంగాళాదుంపలు కడిగేవాళ్ళు. "ఈ గాడిదలకి బుర్రనేది ఉందా?" అని కోల్బీ అరిస్తే, "సార్జెంట్ గారు ఇంకాస్త శ్రద్ధ పెట్టమంటున్నారు" అనేవాడు బరియాలై. "వీడి మాట మా ఇంట్లో మేక కూడా వినదు" అని పోలీసులంటే, "తప్పకుండా నేర్చుకుంటామంటున్నారు సార్జెంట్" అనేవాడు. ఇటు కోపం అటు పోకుండా, అటు ఎకసెక్కం ఇటు రాకుండా రెండేళ్ళు నెట్టుకొచ్చాడు. అందరూ అతన్ని మంచివాడనేవాళ్ళు. అతనూ అదే నమ్మాడు.

నాలుగో చౌకీ పెద్ద పేరు జుమా గుల్. యాభై దాటిన మనిషి, ముందు పళ్ళు రెండు లేవు. అతని చౌకీ గంట దూరాన కొండ సందులో ఉంది. గాలి ఎంత కొడుతుందంటే, అతను రేడియోలో నోరు తెరవకముందే వెనక గాలి హోరు వినపడేది. అతనితో చిక్కల్లా ఒకటే. పలకరింపులు పూర్తికాకుండా అసలు సంగతిలోకి దిగడం అతనికి చేతకాదు.

"అలసట రాకూడదు నీకు, బరియాలై జాన్! ఒళ్ళు బాగుందా? ఇల్లు బాగుందా? అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? చలికి ఏమీ కాలేదు కదా?"

"లేమి రాకూడదు నీకు, కాకా. అందరం బాగున్నాం. నువ్వెలా ఉన్నావు?"

"ఏంటి ఇంతసేపు చెబుతున్నాడు?" అని విసుక్కునేవాడు కోల్బీ.

"ఏమీ లేదు సార్జెంట్. కుశల ప్రశ్నలే."

చివరికి కోల్బీ నియమం పెట్టాడు. రేడియోలో పలకరింపులు బంద్. చెప్పాల్సింది చెప్పి, ఆఖర్న 'తమామ్' అనాలి. అయిపోయింది అని దానర్థం. అవతలివాడు తమామ్ అనేదాకా ఇవతలివాడు సెట్టు కింద పెట్టకూడదు. ఆ రెండో ముక్క జుమా గుల్‌కి తెగ నచ్చింది. తను తమామ్ అననంతసేపూ అవతలివాడు వినాల్సిందే కదా! మొదటి ముక్క అతని చెవికెక్కనే లేదు.

మాఘం చలిలాంటి చలి అది, గడ్డాల మీద మంచు పేరుకునే చలి. మర్నాడు ఉదయం హెలికాప్టరు వస్తుంది. వారానికి ఒక్కటే. అందులో బరియాలై కాబూల్ వెళ్ళాలి. అతనికి నిశ్చితార్థం. అమ్మాయి పేరు పల్వాషా. రెండుసార్లు కుదిరి, రెండుసార్లూ సెలవు దొరక్క వాయిదా పడింది. ఇంకోసారి వాయిదా అంటే మా పిల్లకి వేరే సంబంధం చూసుకుంటామని మామగారు తెగేసి చెప్పాడు.

ఆ సాయంత్రం మూడు చౌకీలు చకచకా పలికాయి. నాలుగోది పలికింది.

"అలసట రాకూడదు నీకు! రేపు ప్రయాణమట కదా? మిఠాయిలో నా వాటా మర్చిపోతావేమో, ఒళ్ళు చీరేస్తాను! అమ్మ బాగుందా?"

"కాకా, త్వరగా కానివ్వు."

"నాన్న దగ్గు తగ్గిందా? మంచిది, మంచిది..." గొంతులో ఏ తేడా లేకుండా అదే వరసలో అన్నాడు. "నాయనా, పై గుట్ట మీద మనుషులు తిరుగుతున్నారు. రెండు రోజులయింది. మేకలవాళ్ళు కాదు, మేకల్లేవు. చీకటి పడకముందు పదిమందిని పంపమని సార్జెంట్‌తో చెప్పు."

గాలి హోరులో మాట కలిసిపోయిందని, సెట్టు గరగరలాడిందని తర్వాత చాలాసార్లు తనకి తాను చెప్పుకోబోయాడు బరియాలై. అదేం లేదు. ప్రతి మాటా వినపడింది.

అంతకుముందు రెండుసార్లు జుమా గుల్ ఇలాగే పిలిచాడు. రెండుసార్లూ వెళ్తే మేకలవాళ్ళే. "ఇంకోసారి ఈ ముసలాడి మాటకి నన్ను మంచులో తిప్పావో, నీదే పూచీ" అని కోల్బీ బరియాలైకి వేలు చూపించాడు. ఇప్పుడు చెబితే బళ్ళు కదులుతాయి. బళ్ళతో దుబాసీ కదలాలి. మంచులో అక్కడే చిక్కుకుంటే రేపటి హెలికాప్టరు పోయినట్టే.

"ఏమంటాడు?" అన్నాడు కోల్బీ, మార్కరు మూత తీసి.

"ఏమీ లేదు సార్జెంట్. కుశల ప్రశ్నలే. నలుగురు. క్షేమం."

కోల్బీ రాసుకున్నాడు.

"చెప్పావా నాయనా? ఏమన్నాడు?" అంది రేడియో.

"చెప్పాను కాకా. పంపిస్తారు. తమామ్."

జుమా గుల్ అనాల్సిన మాట తనే అనేసి, మీట వదిలేసి, సెట్టు కింద పెట్టాడు. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదనుకుంటారేమో. పట్టింది. హాయిగా పట్టింది. అతనికి ఇప్పటికీ అన్నిటికన్నా ఎక్కువ సిగ్గు ఆ నిద్ర తలుచుకుంటేనే.

*

నిశ్చితార్థం అయింది. చక్కెర పూసిన బాదంపప్పుల పొట్లం ఒకటి పోలీసుల కోసం పట్టుకుని, పద్నాలుగో రోజున తిరిగొచ్చాడు. గేటు దగ్గర ఎవరూ నవ్వలేదు. గోడవారన మంచులో ఒక పెద్దాయన దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు.

సంగతి కోల్బీ చెప్పాడు. బరియాలై ముఖం చూడకుండా, టీ కప్పులోకి చూస్తూ చెప్పాడు. ఆ రాత్రే నాలుగో చౌకీ పోయింది. తెల్లారి వెళ్తే మూడు శవాలు దొరికాయి. జుమా గుల్ లేడు. అతని రేడియో సెట్టూ లేదు.

"ఠాణా కమాండరు తన వచ్చీరాని ఇంగ్లీషులో ఏమంటాడంటే, ముసలాడే చౌకీని అమ్మేసి వాళ్ళతో వెళ్ళిపోయాడట. నేనూ అలాగే రాసి పంపాను. ముందుగా ఒక్క మాట హెచ్చరించలేదు కదా. క్షేమం అన్నాడు. నువ్వేగా విన్నది?"

"నేనే" అన్నాడు బరియాలై.

గోడవారన కూర్చున్నది జుమా గుల్ అన్న షీన్ గుల్. రోజూ వచ్చి కూర్చుంటున్నాడట. ఊళ్ళో వాళ్ళ ఇంటివైపు ఎవరూ పోవడం లేదు. మసీదులో ఆయన పక్కన నిలబడేవాడు లేడు. బరియాలైని చూసి కష్టం మీద లేచాడు.

"అలసట రాకూడదు నీకు. ఆఖరిసారి మా తమ్ముడితో మాట్లాడింది నువ్వేనట. ఏమన్నాడు, బాబూ? ఒక్క మాట చెప్పు. ఇంకేం అడగను."

బరియాలై చెప్పడానికి నోరు తెరిచాడు. పోలీసులు నలుగురు అక్కడే చూస్తున్నారు.

"బాగున్నాననే అన్నాడు, పెద్దాయనా. అంతే."

పెద్దాయన తలాడించి మళ్ళీ కూర్చున్నాడు. పొట్లం జేబులోనే ఉండిపోయింది.

పొద్దు వాలింది. రేడియో గదికి వెళ్తే, ఎప్పుడూ పొయ్యి చుట్టూ మూగే పోలీసులు ఒక్కొక్కరే లేచి బయటికి పోతున్నారు.

"పద్నాలుగు రోజులుగా ఇదే వరస" అన్నాడు కోల్బీ. "మూడు చౌకీలయ్యాక ఎవడో మన సెట్టులోకి పిలుస్తాడు. ఏమంటున్నాడో వీళ్ళు చచ్చినా చెప్పరు. లేచిపోతారు. ఎత్తుకెళ్ళిన సెట్టుతో శత్రువులు ఆడుకుంటున్నారు. నువ్వు మాట్లాడించు. ఎక్కడున్నాడో రాబట్టు."

ఒకటో చౌకీ. రెండు. మూడు.

పొయ్యిలో చెక్క చిటపటమంది. కెటిల్ మూత కదిలింది. తర్వాత...

"అలసట రాకూడదు నీకు, బరియాలై జాన్."

అదే గొంతు. పళ్ళ సందుల్లోంచి జారే అదే 'స'. కానీ వెనక గాలి లేదు. ఆ కొండ సందులో గాలి ఆగదు. ఇక్కడ ఏ చప్పుడూ లేదు. పరుపుల కింద నోరు పెట్టి మాట్లాడుతున్నట్టుగా ఉంది.

"మాట్లాడు!" అని గుసగుసగా అన్నాడు కోల్బీ.

"లేమి... లేమి రాకూడదు నీకు."

"వచ్చావా? మంచిది. రోజూ అడుగుతున్నాను వీళ్ళని. అమ్మ బాగుందా? నిశ్చితార్థం బాగా జరిగిందా? నా మిఠాయి ఏది?"

జేబులో పొట్లం తొడకి గుచ్చుకుంది.

"ఎక్కడున్నాడో అడుగు" అన్నాడు కోల్బీ.

"ఎక్కడున్నావు... కాకా?"

"ఎక్కడుంటాను? చౌకీలోనే. పంపిస్తారన్నావుగా... ఎదురు చూస్తున్నాను."

సెట్టు అతని చేతిలోంచి జారి బల్ల మీద పడింది. గరగర ఆగిపోయింది.

"ఏమన్నాడు?" అన్నాడు కోల్బీ. బరియాలై అతని వైపు చూడలేక పొయ్యి వైపు చూశాడు.

"చౌకీలోనే ఉన్నానంటున్నాడు."

*

మర్నాడు మధ్యాహ్నం మూడు బళ్ళు బయల్దేరాయి. చౌకీ దగ్గర కాలిన దూలాలు, తడి బూడిద వాసన. ఒక బూటు, లేసు లేకుండా. గాలి ముఖాన కొడుతోంది. శత్రువు జాడ గానీ, కొత్త అడుగు గానీ లేదు.

కోల్బీ తన సెట్టు తీశాడు. "పోయిన సెట్టు దగ్గర్లో ఉంటే మన పిలుపు దానిలో మోగాలి" అని మీట నొక్కి, "ఒకటి, రెండు, మూడు" అన్నాడు.

గోడకి అవతల, నడుం లోతు మంచు పేరుకున్న పల్లంలోంచి అతని గొంతే అతనికి వినపడింది. ఒకటి... రెండు... మూడు.

పారలతో తవ్వారు. జుమా గుల్ అక్కడే ఉన్నాడు, కూర్చున్నట్టుగా, మోకాళ్ళు దగ్గరకి ముడుచుకుని. వీపులో రెండు గుళ్ళు. ముఖం ఠాణా వైపు దారికి తిరిగి ఉంది. పద్నాలుగు రోజులు అందరూ ద్రోహి అన్న మనిషి తన చౌకీకి పది అడుగుల్లోనే ఉన్నాడు. ఒక పోలీసు బోరుమని ఏడ్చాడు. సెట్టు జుమా గుల్ గడ్డం కింద, రెండు చేతుల మధ్యా గడ్డకట్టుకుపోయి ఉంది. వేళ్ళు విడదీసి సెట్టు తీసిన కోల్బీ దాన్ని వెనక్కి తిప్పి చూసి, అలాగే నిలబడిపోయాడు.

వెనక బ్యాటరీ లేదు. ఆ ఖాళీలో మంచు గట్టిపడి ఉంది.

బళ్ళు వెనక్కి తిరిగాయి. దారిలో కోల్బీ, "ఎవడూ అమ్ముకోలేదన్నమాట" అన్నాడు. మళ్ళీ తనే, "అయితే ఎందుకు చెప్పలేదు వాడు?" అన్నాడు.

ఇదే అదును, చెప్పేయి అని లోపల ఎవరో పోరుతూనే ఉన్నారు. బరియాలై కిటికీ అద్దం మీద పొగమంచు తుడుస్తూ కూర్చున్నాడు.

ఠాణా చేరేసరికి పొద్దు వాలుతోంది. శవాన్ని వరండాలో దుప్పటి కప్పి పడుకోబెట్టారు. షీన్ గుల్ తమ్ముడి ముఖం చూసి, నుదురు ముట్టుకుని, ఏడవలేదు. చలికి వణుకుతున్నాడని కోల్బీయే ఆయన్ని రేడియో గదిలోకి తీసుకొచ్చి, తన కుర్చీలో కూర్చోబెట్టి, టీ ఇచ్చాడు. బ్యాటరీ లేని సెట్టు బల్ల మీద ఉంది. దానిలోంచి కరిగిన మంచు బొట్లు బొట్లుగా నేల మీద పడుతోంది.

ఒకటో చౌకీ. రెండు. మూడు.

"ఇవాళ ఉండదులే" అన్నాడు కోల్బీ, తనకి తనే.

బల్ల మీది సెట్టు గరగరమంది.

"అలసట రాకూడదు నీకు, బరియాలై జాన్."

షీన్ గుల్ చేతిలో గాజు కప్పు ఆగిపోయింది. కోల్బీ గోడ దాకా వెనక్కి జరిగాడు. వాళ్ళిద్దరూ వింటున్నారు. ఇది బరియాలై భ్రమ కాదు. అంతకన్నా అధ్వాన్నం...

బరియాలై సెట్టు తీసుకోలేదు. మీట నొక్కలేదు. ఉన్నచోటే నిలబడి, "లేమి రాకూడదు నీకు, కాకా" అన్నాడు.

"ఒళ్ళు బాగుందా?"

"బాగుంది."

"అమ్మ?"

"బాగుంది, కాకా."

"నాన్న దగ్గు తగ్గిందా?"

"తగ్గింది." అతనికి ఏడుపొచ్చేసింది. ఈసారి త్వరగా కానివ్వమనలేదు. అడిగినవాటికి అన్నిటికీ బదులు చెప్పాడు. నాన్న, చెల్లెలు, ఇంటి కప్పు మీది మంచు. తర్వాత ఆ గొంతు ఏ తేడా లేకుండా అదే వరసలో అంది.

"నాయనా, పై గుట్ట మీద మనుషులు తిరుగుతున్నారు. రెండు రోజులయింది..."

"ఏమంటాడు?" అన్నాడు కోల్బీ. "బ్యారీ... ఏమంటాడు?"

బరియాలై ఇంగ్లీషులో చెప్పాడు. రెండేళ్ళలో మొదటిసారి ఏదీ తగ్గించకుండా, ఏదీ నునుపు చేయకుండా చెప్పాడు. గుట్ట మీద మనుషులు. రెండు రోజులు. మేకల్లేవు. చీకటి పడకముందు పదిమంది.

"ఇది... ఎప్పుడు చెప్పాడు?"

"ఆ రోజే, సార్జెంట్. నాతో చెప్పాడు. నేను మీకు చెప్పలేదు. పంపిస్తారని అతనితో అబద్ధం చెప్పాను. పొద్దున్న హెలికాప్టరు... నా నిశ్చితార్థం..."

కోల్బీ బోర్డు వైపు తిరిగాడు. నాలుగో గీత ఎదుట తను రాసిన 'క్షేమం' ఎప్పుడో తుడిచేసినా, దాని మరక ఇంకా కనిపిస్తోంది.

షీన్ గుల్‌కి ఇంగ్లీషు అక్కర్లేదు. ఆయన తమ్ముడి నోటి మాటలే విన్నాడు. కప్పు మెల్లగా కింద పెట్టాడు. లేచాడు. కొడతాడని బరియాలై అనుకున్నాడు. కొడితే బాగుండునని కోరుకున్నాడు. ఆయన బల్ల మీది సెట్టు తీసి, పసిబిడ్డని చుట్టినట్టు దుప్పటి కొంగులో చుట్టుకున్నాడు. అది ఠాణా సొత్తని ఎవరూ అనలేదు. గుమ్మం దగ్గర ఆగి, పద్ధతి తప్పకుండా బరియాలైతో అన్నాడు.

"అలసట రాకూడదు నీకు."

దానికి చెప్పాల్సిన బదులు మూడేళ్ళ పిల్లాడికి కూడా తెలుసు. బరియాలై నోరు పెగల్లేదు.

తర్వాత కోల్బీ కాగితం మార్చి రాశాడు. జుమా గుల్ ముందే హెచ్చరించాడని, చౌకీ వదలకుండా చనిపోయాడని. మసీదులో షీన్ గుల్ పక్కన మళ్ళీ జనం నిలబడ్డారని బరియాలై విన్నాడు. ఆ వారం హెలికాప్టరులోనే అతన్ని పంపేశారు. కోల్బీ తల ఎత్తి చూడలేదు. పోలీసుల్లో ఒక్కడూ గేటు దాకా రాలేదు. మిఠాయి పొట్లం ఎక్కడ వదిలేశాడో అతనికి గుర్తులేదు.

హెలికాప్టరులో కూర్చున్నాక అతనికి ఒక సంగతి తట్టింది. ఆ సాయంత్రం ఆ గొంతు ఆగిపోయింది గానీ, తమామ్ అనలేదు.

*

నాలుగేళ్ళయింది. కాబూల్‌లో బరియాలైకి టైర్ల కొట్టు ఉంది. ఎవరికీ ఏ మాటా తర్జుమా చేసిపెట్టడు. పక్క కొట్టువాడు మందు సీసా మీది ఇంగ్లీషు చదివి చెప్పమన్నా రాదంటాడు. స్పీన్ కలై గురించి పల్వాషాకి ఒక్క ముక్క చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? నీకోసమే చేశానంటే ఆ పాపంలో ఆమెకీ వాటా పెట్టినట్టవుతుంది.

ఇంట్లో రేడియో లేదు. పొద్దు వాలగానే తన ఫోను వెనక మూత తీసి, బ్యాటరీ ఊడదీసి జేబులో వేసుకుంటాడు. తెల్లారాకే పెడతాడు. పల్వాషా మొదట్లో నవ్వేది, ఇప్పుడు అలవాటయింది. ఆమెకి ఏడో నెల.

మొన్న చలికాలంలో ఒక సాయంత్రం రొట్టెలకని వెళ్ళి వచ్చాడు. వేడి రొట్టెలు చంకలో పెట్టుకుని తలుపు తోశాడు. పల్వాషా కిటికీ దగ్గర నిలబడి ఉంది. దీపం వెలిగించలేదు.

"మీకు ఫోనొచ్చింది" అంది. "ఎవరో పెద్దాయన. పళ్ళు లేవనుకుంటా, మాట జారుతోంది. ఎంత మర్యాదో! మీ అమ్మగారి మోకాళ్ళు అడిగాడు, మీ నాన్నగారి దగ్గు అడిగాడు. మన పెళ్ళి మిఠాయి అందలేదన్నాడు. అన్నిటికీ బదులు చెప్పాను. పెద్దవాళ్ళని మధ్యలో ఆపకూడదు కదా."

కిటికీ గట్టు మీద ఫోను వెనక మూత తీసే ఉంది. బరియాలై జేబులో చెయ్యి పెట్టాడు. బ్యాటరీ వేళ్ళకి చల్లగా తగిలింది.

"తర్వాత?" అన్నాడు. "తర్వాత ఏమన్నాడు?"

పల్వాషా కడుపు మీద చెయ్యి వేసుకుంది. ఆమె అతని వైపు చూడలేదు. పొయ్యి వైపు చూసింది.

"ఏమీ లేదు" అంది. "కుశల ప్రశ్నలే."